గంజి తాగిన కారు

ఆ రోజుల్లో కారు మంచిదా చెడ్డదా అని మా ఊళ్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఎవరిది అని అడిగేవాళ్లు. మాది అని చెప్పుకోవడానికి మా ఇంటికి ఒకటి వచ్చింది గనుక, ఆ తర్వాత దాని మంచీ చెడూ తూచడమే మా ఇంటి మగవాళ్లకు సాయంత్రపు పని అయింది. వాళ్లు తూచినన్నాళ్లు నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు వయసు మళ్లినాక, నలభై దాటినాక నేర్చిన నాలుగు అక్షరాలతో నేనూ ఒకసారి తూచి చూస్తున్నాను. నా తరాజులో ఒక పక్కే బరువు దిగితే ఏమనుకోకండి. ఎంత సరిగ్గా పట్టుకుందామన్నా చెయ్యి అటే వాలుతుంది.

ఆత్మకూరు దగ్గర ఊరు మాది, మగ్గాల ఇల్లు. నా పెళ్లయిన కొత్తలో మా ఆయన నేసేవాడు, నేను నూలు కండెలకు చుట్టేదాన్ని, పడుగు పోగులకు గంజి పెట్టేదాన్ని. మా ఆయనకు అన్న, అంటే నాకు బావ, మగ్గం దిగి చీరల బేరంలోకి మారాడు. మూటలు కట్టుకొని హైదరాబాదు దుకాణాలకు వేసి వచ్చేవాడు. ఆ బేరం జర కుదురుకుందో లేదో ఒకనాడు సెకండ్ హ్యాండ్ కారు పట్టుకొచ్చాడు. దాని పేరు చెప్పను. చేసినవాళ్లు బాగానే చేసి ఉంటారు, మా వాకిట్లోకి వచ్చేసరికి అది ఎంతమంది చేతుల్లో నలిగిందో ఎవరికి ఎరుక. పెద్ద కార్ల లాగా బొజ్జ లేదు దానికి. ముందు చిన్న మూతి, నడుమ నలుగురు ఇరుక్కొని కూర్చునే జాగా, వెనక పొడుచుకొచ్చిన డిక్కీ. ఆ డిక్కీని చూసి ఊరు దానికి 'తోక కారు' అని పేరు పెట్టింది. బావ మాత్రం ఎద్దును కొన్నవాడిలాగా దాని చుట్టూ తిరిగి తిరిగి చూసుకొని మురిసిపోయాడు. (పళ్లు ఒక్కటే చూడలేదు.)

దాని మంచి గుణాలు లేవని నేననను. డిక్కీ ఎన్ని మూటలు వేసినా మింగేది, ఎంత వానకైనా లోపలికి చుక్క దిగేది కాదు. మా ఇంటి కప్పుకంటే డిక్కీ కప్పే నయం. ఆ వానాకాలం మా అత్త జొన్నల సంచి అందులోనే దాచింది. మా సన్న సందుల్లో సైకిలు తిరిగినట్టు తిరిగేది. పెట్రోలు కొంచెమే తాగేది. అయితే పొద్దున లేచేది కాదు. నలుగురు కలిసి మసీదు దాకా తోస్తే తప్ప దగ్గేది కాదు. ఎడమ తలుపు పైకెత్తి వేస్తేనే పడేది. ఎత్తు ఎక్కితే కుతకుత ఉడికేది. ఇవి చెడ్డ గుణాలని మీరూ నేనూ అనుకుంటాం. బావ దగ్గర చెడ్డ గుణం అనేదే లేదు.

"తోస్తే స్టార్టయితది గద? తోసినా గాని బండ్లున్నయి ఎరికేనా?" అనేవాడు అరుగు మీద కూర్చున్న వాళ్లతో. తలుపు సంగతి ఎవరన్నా ఎత్తితే, "దొంగోనికి ఆ కిటుకు తెల్వదు, అదే మంచిది" అనేవాడు. ఉడుకుడు సంగతి ఎత్తితే మాత్రం గొంతు తగ్గించి, ఇంటి పిల్లను వెనకేసుకొచ్చినట్టు, "రోషమున్న బండి" అనేవాడు. మా ఆయన తల ఊపేవాడు. అన్న ఏది చెప్పినా మా ఆయన తల ఊపడం పెళ్లికి ముందునుంచే ఉంది, అది నేను తెచ్చింది కాదు.

ఇక నా సంగతి. ఆ ఏడు మా ఆయనకు జ్వరం వచ్చి మంచం పట్టాడు, మగ్గం మీద చీర సగంలో ఆగింది. మా ఇళ్లల్లో ఆడవాళ్లు మగ్గం చుట్టూ పని అంతా చేస్తారు, మగ్గంలో మాత్రం కూర్చోరు. నేను కూర్చున్నాను. తలుపు వేసుకొని, మిగిలిన చీరంతా నేసి పెట్టాను. నేతగాళ్ల సొసైటీలో ఆ చీర విప్పి చూసిన పెద్దమనిషి అంచు దగ్గర వేలు ఆపి, "ఈడిదాక ఒక చెయ్యి, ఈడికెల్లి ఇంకో చెయ్యి. ఈ రెండో చెయ్యి ఎవలది?" అని అడిగాడట. మా ఆయన సిగ్గుపడి నా పేరు చెప్పాడు. (నా పేరు ఇంట్లో ఎవరూ పిలిచేవాళ్లు కాదు. సొసైటీలో చెప్పాడని తెలిసి ఆ దినమంతా నాలో నేనే పిలుచుకున్నాను.) కొన్నాళ్లకు ఆ పెద్దమనిషే కబురు పంపాడు. పాలమూరులో ఆఫీసర్లు మగ్గం పెడతారు, ఆడవాళ్లను కూర్చోబెట్టి వాళ్ల కళ్ల ముందు నేయిస్తారు, చెయ్యి బాగున్నవాళ్లకు వాళ్ల పేరునే సొసైటీ మెంబరు కార్డు, వాళ్ల పేరునే నూలు. పగటి అన్నాల వేళలోపల పోయి కూర్చోవాలి. ఆ ఒక్క దినమే.

నా పేరున నూలు. ఇప్పటివాళ్లకు ఇదేం పెద్ద సంగతి అనిపిస్తుంది. అప్పుడు నా పేరున మా ఇంట్లో చెంబు కూడా లేదు.

పొద్దుటి బస్సుకు పోదామని మా ఆయనతో అనుకున్నాం. ఆ మాట బావ చెవిన పడింది. "ఇంట్ల కారు పెట్టుకొని బస్సుకు పోతరా? నేను తోలుకపోత" అన్నాడు. అడ్డం చెప్పడానికి నాకు నోరు లేదు. నోరు లేదంటే మాటకు అనడం కాదు, నిజంగానే లేదు. మా ఇంట్లో తమ్ముని పెళ్లాం బావతో నేరుగా మాట్లాడకూడదు. ఏమన్నా చెప్పాలంటే స్తంభానికో, గోడకో, వాకిట్లో కోడికో చెప్పాలి, బావ వినాలి. ఆయన కూడా జవాబు అదే కోడికి చెప్పేవాడు. ఆ ఇంట్లో కోళ్లకు తెలిసినన్ని సంగతులు మా అత్తకు కూడా తెలియవు.

పోవాల్సిన దానికి ముందు దినమే కారు కింద నీళ్ల మడుగు కనిపించింది. రేడియేటరుకు సన్నపు బెజ్జం పడింది. ఆత్మకూరు మెకానిక్ చూసి, ఇది మార్చాలె, సామాను హైదరాబాదు నుంచి రావాలె అని చెప్పి పోయాడు. బావ కారు ముందర చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. నేను పడుగుకు గంజి పెడుతున్నాను. ఆయన చూపు నీళ్ల మడుగు మీదినుంచి మెల్లగా నా గంజి కుండ మీదికి వచ్చింది. అప్పుడే నేను కుండ ఎత్తుకొని లోపలికి పోవలసింది.

"ఒరే తమ్మీ, పోగుకు గంజి ఎందుకు పెడతం?" అని అడిగాడు మా ఆయనను.

"తెగకుంట, అన్నా. చీలికలు మూసుకుంటయని."

"పోగు చీలిక మూసేది రేకు బెజ్జం మూయదా?"

మా ఆయన తల ఊపాడు.

"జర చిక్కటి గంజి కాయుమను" అన్నాడు బావ కోడితో.

కాశాను. మనసుపెట్టి కాశాను, అదీ నా ఖర్మ. గంజి కాయడంలో మా వీధిలో నాకు పేరుండేది. జొన్నపిండి ఉండ కట్టకుండా కలిపి, నూనె చుక్క వేసి, చెయ్యి ఆపకుండా తిప్పి, పట్టుపడుగుకు పెట్టేంత శ్రద్ధగా కాచి, వడగట్టి ఇచ్చాను. బావ దాన్ని పసిబిడ్డకు పాలు తాగించినట్టు కొంచెం కొంచెం రేడియేటరులో పోశాడు. నమ్మండి, నీళ్లు కారడం ఆగింది. అమరచింత దాకా పోయి తిరిగొచ్చినా చుక్క రాలలేదు. ఆ సాయంత్రం అరుగు మీద బావ ఆనందం చూడాలి. "గా మెకానిక్‌గాడు హైదరాబాద్ అంటడు. మన సాలోల్ల ఇంట్ల కుండల ఉన్నది హైదరాబాద్!" నాకూ గర్వంగానే ఉండింది, దాచుకోవడమెందుకు. నా గంజి తాగి ఒక మోటారు నడిచిందని ఇంకెవరైనా చెప్పుకోగలరా?

తెల్లారి బయలుదేరాం. బస్సు కావాలని అంతకుముందు దినమంతా మా ఆయన ప్రాణం తీసినదాన్ని, కారెక్కగానే అదంతా మరిచిపోయి, ఊరు దాటేదాకా కిటికీ దగ్గర జరిగి కూర్చున్నాను, చూడని కళ్లు ఒక్కటి కూడా మిగలకూడదని. వెనక సీటు మెత్తగా, లోతుగా ఉంది. ఒళ్లో నా నాడె, పడుగులో అడ్డపోగును అటూ ఇటూ నడిపే చెక్క, గుడ్డలో చుట్టి. అలవాటైన నాడె అయితే చెయ్యి తడబడదని ఇంటినుంచే తెచ్చుకున్నాను. అమరచింత దాటాం, మరికల్ దాటాం. ఇంకో గంటలో పాలమూరు. మరికల్ దాటినాక రోడ్డు ఎత్తు ఎక్కుతుంది. అక్కడ కారులోకి కమ్మటి వాసన వచ్చింది. ఎవరింట్లోనో అన్నం ఉడుకుతోందనుకున్నాను. ఇల్లు ఒక్కటి కూడా కనిపించలేదు. ఉడుకుతున్నది మా ముందరే.

కారు మూలిగి, ఎగిరి, ఆగిపోయింది. బావ దిగి, మూత పైకెత్తి, తువ్వాలతో రేడియేటరు డబ్బా మూత తిప్పాడు. నేను కాచిన గంజి, నాకంటే బాగా ఉడికి, తెల్లగా బుస్సున లేచి ఆయన మీద పడింది. అదృష్టం బాగుండి మొహం పక్కకు తిప్పుకున్నాడు, లాల్చీ ఒక్కటే తడిసింది. ఎండకు అది నిమిషాల్లో ఆరి అట్ట కట్టింది. చెయ్యి మడిస్తే పటపటమని చప్పుడు. ఇన్నేళ్లలో నేను గంజి పెట్టిన వాటిలో అంత బాగా పట్టింది ఆ లాల్చీకే. మా ఆయన పక్కకు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

నవ్వు అక్కడికే అయిపోయింది. పొద్దు ఎక్కుతోంది. బెజ్జం మూసిన గంజి లోపలి దారులన్నీ కూడా మూసేసింది, నీళ్లు పోస్తే పైకే వస్తున్నాయి. అంతలో మరికల్ వైపు నుంచి బస్సు కనిపించింది. నేను కారు దిగి నిలబడ్డాను. బావ నాకు బారెడు దూరంలో ఉన్నాడు. చుట్టుపక్కల కోడి లేదు, గోడ లేదు.

"పాలమూరు బస్సొస్తాందని బావకు చెప్పు" అన్నాను మా ఆయనతో.

"అన్నా, బస్సొస్తాందట" అన్నాడు మా ఆయన, మా ముగ్గురికీ కనిపిస్తున్న బస్సును చూస్తూ.

"నాకు కండ్లు లెవ్వా? కారు పక్కన నిలవడి బస్సుకు చెయ్యెత్తుతరార ఎవలన్న? ఆ బస్సుల మనూరోళ్లు ఉంటరు."

"ఉంటే మంచిదే గదన్నా, జాగ ఇస్తరు."

"జాగ ఇస్తరు, ఊర్ల దండోరా గూడ ఏస్తరు. నా ఇజ్జత్ ఏం గావాలె? జర సల్లారనీయి. సల్లారితే గుర్రమే."

బస్సు దగ్గరికి వచ్చి, మమ్మల్ని చూసి దానంతట అదే మెల్లగయింది. కండక్టరు తలుపులోంచి వంగి, "వస్తరా?" అని అరిచాడు. నా కాలు ఒకటి ముందుకు పడింది కూడా. బావ అట్ట కట్టిన చెయ్యి ఊపి, "పో పో, ఏం గాలే. ఇంజన్‌కు జర గాలి తాపుతున్నం" అన్నాడు. నేను మా ఆయన మొహం చూశాను. మా ఆయన ఇంజను మొహం చూశాడు. బస్సు పోయింది. రోడ్డు మీద లేచిన దుమ్ము దిగేదాకా నేను అట్లాగే నిలబడి, తర్వాత వెనక సీట్లోకి పోయి కూర్చున్నాను. తలుపు ఎత్తి వేయాలని గుర్తుంది, ఎత్తే వేశాను. కోపంలో కూడా ఆ కారు మర్యాద తప్పలేదు నేను.

గుర్రం చల్లారలేదు. అన్నాల వేళ దాటిపోయినాక పల్లికాయ బస్తాల ట్రాక్టరు ఒకటి వచ్చింది. తోలే సాయిబు దిగి, మూత కిందికి వంగి వాసన చూసి, "క్యా భాయ్, ఇంజన్ల సంకటి ఒండుతున్రా?" అన్నాడు.

"మజాక్ బందువెట్టి తాడుంటే కట్టు సాయిబూ" అన్నాడు బావ.

తాడు కట్టారు. ట్రాక్టరు ముందర, మేము వెనక. బావ స్టీరింగు పట్టుకొని నిటారుగా కూర్చున్నాడు. దేవరకద్ర బజారులోకి రాగానే హారను మొదలుపెట్టాడు, ట్రాక్టరే మాకు అడ్డం వచ్చినట్టు, మేమే దాన్ని దాటలేక ఆగినట్టు. ముందర సాయిబు మాటిమాటికి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. నేను కొంగు మొహం మీదికి లాక్కున్నాను. పొద్దున చూడాలనుకున్న కళ్లన్నీ దేవరకద్రలో చూశాయి.

పాలమూరులో ఆ హాలు చేరేసరికి మగ్గం విప్పుతున్నారు. పోగులను దగ్గరికి కొట్టే పన్ను తీసి పక్కన పెట్టారు, ఒకడు నేల ఊడుస్తున్నాడు. నా బతుకులో మొదటిసారి పరాయి ఊళ్లో, పరాయి మనుషుల ముందుకు ఒక్కదాన్నే నడిచిపోయి, గుడ్డ విప్పి నాడె చూపించాను. ఒక ఆఫీసరమ్మ కుర్చీలోంచి లేచింది. మంచి మనిషి. నా చెయ్యి పట్టి వేళ్లు చూసింది, పోగు కోసిన గీతలు చూసింది. "ఇంత లేటయిందేమమ్మా? బస్సు దొరకలేదా?" అని, విప్పేవాళ్ల వైపు తిరిగి, "ఉండండి బాబూ, ఒక్క అరగంట, మళ్లీ బిగించండి" అంది. పన్ను తీసినవాడు విసుక్కుంటూ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. దేవుడున్నాడనుకున్నాను.

అప్పుడు నా వెనక పటపటమని చప్పుడయింది. బావ వచ్చి నిలబడి, "బస్సు గాదమ్మా, మాది సొంత కారు" అన్నాడు.

ఆమె నా చెయ్యి వదలలేదు, కాని పట్టు మారింది. కిటికీలోంచి బయటికి చూసింది. గేటు దగ్గర మా కారు తోక కనిపిస్తోంది. ట్రాక్టరు అప్పటికే పోయింది. "సొంత కారున్నవాళ్లకు సంఘం నూలెందుకమ్మా? ఇది పూట గడవని వాళ్ల కోసం పెట్టింది" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది, నాకూ కోపం వచ్చేది. పన్ను పట్టుకున్నవాడు దాన్ని మళ్లీ కింద పెట్టాడు. ఆ చప్పుడు చిన్నదే.

మిగిలిపోయిన పులిహోర పొట్లం ఒకటి నా చేతిలో పెట్టారు. తిన్నాను. ఆకలయింది మరి. మానం అభిమానం అంటారు గాని, కడుపుకు అవి తెలియవు. ఉప్పు తక్కువైంది.

మరునాడు సాయంత్రం అరుగు నిండింది. కారు కథ వినడానికి రాని మగవాడు లేడు. గంజి సంగతి, ఎత్తు సంగతి, అన్నీ చెప్పాడు బావ. బస్సు సంగతి తప్ప. చివరకు తరాజు దించి, "ఏమన్నగాని, పాలమూరు చేర్చింది గద! నడిమిట్ల ఇడిసిపెట్టలే. అది దాని గుణం" అన్నాడు. తలలన్నీ ఊగాయి. మా ఆయన తల కూడా.

నేను గడపలో నిలబడి ఉన్నాను. స్తంభం పక్కనే ఉంది. కోడి కూడా ఉంది. నేను వాటి వైపు చూడలేదు.

"కారు చేర్చలే బావా. ట్రాక్టర్ చేర్చింది. కారు ఆపింది, నువ్వు ఆపినవు" అన్నాను.

బావ నన్ను చూడకుండా మా ఆయన వైపు తిరిగాడు. "ఏందిర, నీ పెండ్లాం నాతోని మాట్లాడ్తాందా?"

"మాట్లాడ్తాందన్నా."

"ఏమంటాంది?"

"కారు చేర్చలేదంటాంది."

బావ తువ్వాల దులిపి భుజాన వేసుకొని, "గంజి గంత చిక్కగ ఎవలు కాయుమన్నరో అడుగు" అన్నాడు. అంతే, తీర్పు అయిపోయింది. ఆ కారు ఇంకో రెండేళ్లు దగ్గి, చివరకు ఇనుప సామాను కింద పోయింది. ఊళ్లో ఇప్పటికీ ఎవరన్నా తోక కారు గుర్తుచేస్తే, "బంగారమసొంటి బండి, ఆయమ్మ గంజి పోసి సంపింది" అంటారు. పాలమూరులో ఆ మగ్గం పరీక్ష మళ్లీ పెట్టలేదు. చాలా ఏళ్లకు నా పేరున కార్డు వచ్చింది, రాకపోలేదు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకొని సంతకం పెట్టి తీసుకున్నాను. అప్పటికి మిషను చీరలొచ్చి మగ్గాల మీద సాలెగూళ్లు పట్టాయి, నా కళ్లకు పోగు ఆనడం మానేసింది. అందరూ వదిలి లేచినాక ఇచ్చే జాగా ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

మొన్నామధ్య బావను పాలమూరు కండ్ల దవాఖానకు తీసుకుపోవాల్సి వచ్చింది. ఇప్పుడాయన నాతో నేరుగానే మాట్లాడతాడు. మా ఆయన పోయాక నడుమ మాట అందించే మనిషి లేడు. మరికల్‌లో బస్సు నిండుగా ఉంది. ఆడవాళ్ల సీటు ఒకటి దొరికితే నేను కూర్చున్నాను, బావ కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్లు వణుకుతున్నాయి. పాపం అనిపించి, కూర్చో బావా అని లేవబోయాను. సగం లేచాను. ఆయన వంగి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"గీడనే గద ఆగింది మన కారు" అన్నాడు.

"గీడనే."

"ఆ దినం బస్సు వచ్చె గద బిడ్డా. నువ్వన్న ఎక్కి పోతే అయిపోవు. ఎందుకెక్కకపోతివి?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. మసకబారిన కళ్లతో, నా మంచి కోరిన మనిషిలాగా. ఆ ప్రశ్నకు ఇన్నేళ్లు నేను ఎన్ని జవాబులు కట్టుకొని దాచుకున్నానో, మంచి మంచివి, మొహం వాచేవి. లేచినదాన్ని మళ్లీ కూర్చున్నాను, సీటు నిండా సర్దుకొని.

పాలమూరు దాకా ఆయన నిలబడే వచ్చాడు. నేను కిటికీలోంచి చూస్తూ హాయిగా వచ్చాను. బస్టాండులో దిగేటప్పుడు మాత్రం ఆయనకు మెట్టు కనిపించక కాలు గాలిలో తడుముతుంటే, నా చెయ్యి నన్నడగకుండానే ముందుకు పోయి ఆయన చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఒక్కసారి నేరుగా మాట్లాడడానికి అంత ఏడ్చిన పిల్ల, ఇప్పుడు మాట్లాడే వీలంతా ఉండి, తిట్టక చెయ్యి పట్టి నడిపిస్తోంది. ముసలిదానివైతివి పో, అనుకొని నవ్వుకున్నాను.